వక్క లేని తాంబూలం

ధర్మపురి,
8-6-2008, ఆదివారం.

మా అత్త కొడుకు జయప్రకాశ్ గారికి మోహనప్రియ నమస్కరించి రాయునది.

ఇక్కడ అమ్మ, నేను, మొన్న ఈనిన ఎర్రావు, దాని దూడ అందరం బాగున్నాము. మీరంతా బాగున్నారా అని నేను అడగబోవడం లేదు. బుధవారం పొద్దున ఈ కవరు విప్పే వేళకు మీ ఇంటి ముందర పందిలి ఉంటుంది, నడింట్లో జంపఖానా పరిచి ఉంటుంది, పుట్టమ్మత్త కాఫీ లోటాలు చాలుతాయో చాలవో అని లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంటుంది, మా నాయన మేనమామ హోదాలో కొత్త పంచ కట్టుకొని నీ పక్కనే కూర్చుని ఉంటాడు. బాగుండక ఏం? గారు అని మర్యాదకు ఒక్కసారి రాసినాను. ఇకమీద చిన్నప్పటి మాదిరి నువ్వే.

సభలో ఉన్న పెద్దలకు దండాలు. కుప్పం పక్కనుంచి బస్సు మారి వచ్చిన పెళ్ళికూతురి వాళ్ళకు ఇంకొక దండం. వాళ్ళకు మా ఆచారం కొత్తగా ఉండొచ్చు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. మా కుటుంబాల్లో మేనత్త కొడుకు మీద మేనమామ కూతురికి వరస ఉంది. ఆ పిల్లను విడిచి బయటి సంబంధం చేసుకునేటప్పుడు, ఆమె ఇంటినుంచి తాంబూలం రావాలి. నాకు అడ్డం లేదు, నీ దారిన నువ్వు పెళ్ళి చేసుకో అని దానికి అర్థం. ఆ తట్ట నడింట్లో దిగిన తర్వాతనే మిగిలిన తాంబూలాలు చేతులు మారుతాయి. పిల్ల మాత్రం రాకూడదు. ఆమె పంపిన మాట ఏదన్నా ఉంటే అందరి ముందర చెప్పాలి, అందరూ వినాలి. పాతకాలంలో ఆ మాట అవ్వలు నోటితో చెప్పేవాళ్ళు. నేను నాలుగక్షరాలు చదువుకున్నదాన్ని కాబట్టి రాసి పంపిస్తున్నాను.

అందుకే తట్టా, కవరూ రెండూ పాపక్క అవ్వ చేతికి ఇచ్చినాను. ఆమె మా నాయనను కన్నది, మీ అమ్మను కన్నది, రెండిళ్ళకూ ఒకటే అవ్వ. ఉత్తరం ఆఖరు మాటదాకా చదివేంతవరకూ తట్ట ఒళ్ళోనుంచి దించవద్దని చెప్పినాను. అవ్వ సంగతి నీకు తెలుసు. రేషన్ అంగడివాడు, కరెంటు బిల్లువాడు, గుడి ధర్మకర్త, ఆమెతో వాదులాడి గెలిచినవాడు లేడు. కనుక మధ్యలో చాల్లే, మంచి ఘడియ మించిపోతుంది అనే పని పెట్టుకోవద్దు.

తట్టలో తమలపాకులు ఉన్నాయి, పసుపు, కుంకుమ, టెంకాయ, అరటిపళ్ళు ఉన్నాయి. ఒకటి తక్కువగా ఉందని అత్త ఇప్పటికే మెడ చాచి చూసి ఉంటుంది. మరచిపోలేదత్తా. దాని సంగతి తర్వాత చెప్తాను.

బావా, నువ్వు కవరు చించి, కాగితాలు తిరగేసి మరగేసి చూసి ఉంటావు. జిలేబీలు చుట్టినట్టు ఉన్నాయి కదా అక్షరాలు. మనం ఇంట్లో మాట్లాడేది తెలుగే, అవ్వ తిట్టేది తెలుగే, ఆవును అదిలించేది కూడా తెలుగే. కానీ తెలుగు అక్షరం తెలిసినవాళ్ళు రెండిళ్ళలోనూ ఎప్పుడూ లేరు. మనకు బడి అరవం, కోర్టు అరవం, బస్సు మీద రాసిన ఊరి పేరు అరవం. నేను కూడా ఈ ఏడాది ఉగాది తర్వాతనే ఒకరి దగ్గర కూర్చుని అఆలు దిద్దినాను. ఎవరి దగ్గర అనేది చివర రాస్తాను. ఎందుకు నేర్చుకున్నానో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ఈ సభలో తెలుగు బళ్ళో చదివినది మోనిష ఒక్కతే అని విన్నాను. పెళ్ళికూతురి చేత మొదటి రోజే పని చేయిస్తున్నందుకు పెద్దలు మన్నించాలి. మోనిషా, నిదానంగా, గట్టిగా చదువమ్మా. అవ్వకు చెవులు మందం.

ముందు బడి సంగతి చెప్తాను. నేను మెట్రిక్యులేషన్ బళ్ళో ఇంగ్లీషు చెప్తానని మీకందరికీ తెలుసు. పోయిన పరీక్షలకు ముందు తొమ్మిదో తరగతికి ఒక మాట వివరించవలసి వచ్చింది. క్యారెక్టర్. మనవాళ్ళందరికీ తెలిసిన మాటే. అవ్వకు కూడా తెలుసు. కానీ ఆ ఒక్క మాటకు ఎన్ని అర్థాలు ఉన్నాయో చూడండి పిల్లలూ అని బోర్డు నిండా రాసినాను.

క్యారెక్టర్ అంటే అక్షరం. నీ అంగట్లో కంప్యూటరు మీద పెళ్ళి పత్రికలు టైపు చేస్తావే, అందులో ఒక్కో అక్షరమూ, చుక్కా, మాటకూ మాటకూ నడుమ వదిలిన ఖాళీ కూడా క్యారెక్టరే. సెల్‌ఫోన్ మెసేజీలో ఇన్ని క్యారెక్టర్లు దాటితే రెండో మెసేజీ కింద పోతుందని నువ్వే కదా అందరికీ చెప్పేది. క్యారెక్టర్ అంటే వేషం కూడా. ద్రౌపదమ్మ తిరునాళ్ళకు కూత్తు నాటకం ఆడేటప్పుడు ఈసారి దుర్యోధనుడి క్యారెక్టర్ ఎవరిది అని అడుగుతాము. మళ్ళీ క్యారెక్టర్ అంటే గుణం. అది మనిషికే కాదు, నేలకూ ఉంటుంది, మా మెట్టచేను గుణం శెనక్కాయకు ఒప్పుతుంది, వరికి ఒప్పదు. నలుగురి మాదిరి కాకుండా తన తీరులో తాను ఉండే తమాషా మనిషిని కూడా ఇంగ్లీషువాళ్ళు క్యారెక్టర్ అంటారు. మన అవ్వ అట్లాంటిది. కష్టం వచ్చినప్పుడు అన్నమాట మీద నిలబడే గట్టిదనానికి కూడా అదే మాట. చివరగా నడత. ఇవన్నీ చెప్పి, ఆ మాట పెట్టి సొంతంగా ఒక వాక్యం రాయండి అన్నాను.

స్టాఫ్ రూములో ఆ కాగితాలు దిద్దుతూ ఉంటే నా చెయ్యి ఆగిపోయింది. దాదాపు అందరూ ఒకే రకం రాసినారు. ఆమె క్యారెక్టర్ మంచిది కాదు. ఆమెకు క్యారెక్టర్ లేదు. ఆమె క్యారెక్టర్ గురించి ఊరంతా మాట్లాడింది. ఆడపిల్లలూ అట్లనే, మగపిల్లలూ అట్లనే. అతడు అని మొదలుపెట్టిన వాక్యం ఒక్కటి కూడా లేదు. బోర్డు నిండా అర్థాలు రాసి ఏం లాభం? మన ఊర్లో ఆ మాటకు ఒకటే అర్థం, అది కూడా ఆడదానికి మాత్రమే. ఆ అర్థం నేను డిక్షనరీ చూసి నేర్చుకోలేదు బావా. నీ వల్ల నేర్చుకున్నాను.

మోనిష ఆపిందా? ఆపవద్దమ్మా. ఆయన కాగితం కోసం చెయ్యి చాపి ఉంటాడు. అడిగితే ఇచ్చెయ్యి. ఆయన దాన్ని ఎంతసేపు చూసినా ఒక్క ముక్క అర్థం కాదు, మళ్ళీ నీ చేతికే ఇవ్వాలి.

అయిదో క్లాసు పిల్లకు చెప్పినట్టు మొదటినుంచి చెప్తాను, అందరికీ అర్థం కావాలి. 2004లో అత్త నన్ను నీకు అడగడానికి వచ్చింది. వరస ఉంది, అడిగింది, అందులో తప్పు లేదు. పెళ్ళయిన మరుసటి రోజునుంచి బడి మానేసి ఇంట్లో ఉండాలని నువ్వు కబురు చేసినావు. నేను వద్దన్నాను. మా నాయన నాగరాజప్ప సొంత అక్కకు ఎదురుచెప్పి నా పక్కన నిలబడినాడు. ఆయన జన్మలో అక్కకు ఎదురు మాట్లాడింది ఆ ఒక్కసారే. నువ్వు నవ్వుతూ, పోనీ మామా, చదువుకున్న పిల్ల, తన ఇష్టం అన్నావట. ఎంత మంచివాడు అని అమ్మ నాతో మెచ్చుకుంది.

ఆ తర్వాత సేలం పక్కనుంచి సిద్ధరాజ్ సంబంధం వచ్చింది. మనవాళ్ళే, హైస్కూల్లో లెక్కల టీచరు. వచ్చి చూసినారు, నచ్చింది అన్నారు, పెళ్ళయినాక కూడా నేను బడికి పోవచ్చు అన్నారు. మన పక్క పద్ధతి నీకు చెప్పనక్కర లేదు. పిల్ల నచ్చినాక మగపెళ్ళివారు చెప్పాపెట్టకుండా ఇంకోసారి వచ్చి, ఊళ్ళో నలుగురిని విచారించి పోతారు. టీ అంగట్లో ఒకరిని, పాలు పోసే చోట ఒకరిని. వాళ్ళ అదృష్టం కొద్దీ, పిల్లకు సొంత మేనబావే ధర్మపురి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ అంగడి పెట్టుకొని దొరికినాడు. చిన్నప్పటినుంచి చూసినవాడు, ఇంకెవరిని అడగాలి?

వాళ్ళను కూర్చోబెట్టి చల్లటి సోడా తెప్పించినావు. కుటుంబం బంగారం అన్నావు. మామ నోట్లో అబద్ధం రాదన్నావు. పిల్ల చదువులో ఎప్పుడూ ముందే అన్నావు. అన్నీ అయినాక వాళ్ళు లేవబోతుంటే గొంతు తగ్గించి ఒక్క మాట అన్నావు.

“క్యారెక్టర్ సంగతి మాత్రం నన్ను అడగొద్దండి. నేను ఇంటి మనిషిని.”

అంతే. నా గురించి ఒక్క చెడ్డ మాట కూడా నువ్వు చెప్పలేదు. అందుకే అది అంత బాగా పనిచేసింది. ఫలానావాడితో తిరిగింది అని ఉంటే, ఎవడు, ఎక్కడ, ఎప్పుడు అని వాళ్ళు విచారించి ఉంటారు, అబద్ధమని తేలిపోయి ఉంటుంది. నువ్వు ఉత్త ఖాళీ వదిలిపెట్టినావు. విన్నవాళ్ళు తలా ఒకటి అందులో రాసుకున్నారు. ఒకరు కాలేజీలో ఎవడో ఉన్నాడట అన్నారు. ఒకరు సేలంలో ఆస్పత్రికి పోయిందట అన్నారు. కాలేజీ విడిచేటప్పుడు నా సర్టిఫికెట్లో క్యారెక్టర్ అండ్ కాండక్ట్ గుడ్ అని నా మొహం కూడా చూడని ప్రిన్సిపాలు సంతకం పెట్టి ఇచ్చినాడు. నన్ను ఎత్తుకొని తిరిగినవాడివి నువ్వు, ఒక్క సంతకం లేకుండా దాన్ని కొట్టేసినావు.

సిద్ధరాజ్ వాళ్ళు మళ్ళీ రాలేదు. జాతకం కుదరలేదని కబురు పంపినారు. తర్వాత వచ్చినవాళ్ళు చూడ్డానికి కూడా రాలేదు, సందు మొదట్లోనే తిరిగి పోయినారు. మాట బళ్ళోకి కూడా చేరింది. పిల్లల తల్లిదండ్రులు ఏదో అంటున్నారు, కొన్నాళ్ళు ఇంటిదగ్గర ఉండమ్మా అని బడి నడిపే పెద్దాయన మర్యాదగానే చెప్పినాడు. ఆ కొన్నాళ్ళు ఏడాది దాటింది. నేను పేడ ఎత్తినాను, గడ్డి కోసినాను, పాలు పోసినాను. పనికి నేను సిగ్గుపడలేదు. పాలు పోసే చోట ఆడవాళ్ళు నేను వస్తే మాట మార్చేవాళ్ళు. ఏం జరిగిందో మాకు ఎవరికీ తెలియదు. ఎందుకు ఇట్లా అయిందని అమ్మ మొక్కని దేవుడు లేడు.

అప్పుడు నువ్వు వచ్చినావు, అత్తను వెంటబెట్టుకొని. ఇంక దీన్ని ఎవరు చేసుకుంటారు తమ్ముడూ, నా కొడుకు మనసు పెద్దది, ఏమున్నా కడుపులో పెట్టుకుంటానంటున్నాడు అని అత్త అన్నది. ఏమున్నా అంట. నువ్వు తల వంచుకొని కూర్చుని, పోనీ మామా, మన పిల్లే కదా అన్నావు. మా నాయన నీ చేతులు రెండూ పట్టుకొని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. నా ఇల్లు తగలబెట్టినవాడివి నువ్వే, బిందెతో నీళ్ళు తెచ్చి మెప్పు పొందినవాడివీ నువ్వే.

ఆ సాయంత్రం నేను పాలు పితుకుతూ ఉంటే నాయన వచ్చి దూడ తాడు పట్టుకొని నిలబడినాడు. నా మొహం చూడలేదు. దూడనే చూస్తూ అడిగినాడు.

“ఏమ్మా, నిజంగా ఏమీ లేదు కదా?”

లేదు నాయనా అన్నాను. సరేమ్మా అని పోయినాడు. నీ పెద్దమనసు నాకు వద్దని ఆరోజే అమ్మతో చెప్పి పంపినాను.

బావా, సంబంధం తప్పిపోయినందుకు నాకు ఏడుపు రాలేదు. బడి పోయినందుకు ఏడ్చినాను గానీ, వేరే బడి దొరికింది, అది తీరిపోయింది. నాయన ఆ మాట అడగవలసి వచ్చింది చూడు, దానికి మాత్రం నిన్ను క్షమించను. ఈ జన్మలో క్షమించను. అడిగినందుకు ఆయన సిగ్గుపడినాడు. ఆరోజునుంచి నాతో కలిసి కూర్చుని అన్నం తినడం మానేసినాడు. నేను వడ్డిస్తే తల ఎత్తడు. నేను లేదన్నది ఆయన నమ్మినాడో, నమ్మినట్టు ఊరుకున్నాడో ఈనాటికీ నాకు తెలియదు. అడగడానికి నాకు ధైర్యం లేదు, చెప్పడానికి ఆయనకు లేదు. ఒకే ఇంట్లో ఉంటూ తండ్రీ కూతుళ్ళం దూరపు చుట్టాల మాదిరి అయిపోయినాము.

నీ మాట నాకు తెలిసింది పోయిన ఏడాది, తీర్థమలైలో. అమ్మ మొక్కు తీర్చడానికి పోయినాము. కొండ మెట్ల మీద సిద్ధరాజ్ ఎదురైనాడు, భార్యతో, గుండు కొట్టించిన చంటిబిడ్డతో. పక్కకు పోతాడనుకున్నాను, పోలేదు. భార్య ముందరే చెప్పినాడు, నీ మాట, నువ్వు గొంతు తగ్గించింది, తాగిన సోడా, అన్నీ. ఇంకెవరినన్నా అడిగి ఉండవలసింది, మీ బావే చెప్పినాడు కదా అని మావాళ్ళు ఆగిపోయినారు అన్నాడు. మీరు ఏమీ అనుకోవద్దు అని కూడా అన్నాడు.

అప్పటినుంచి నిన్ను ఏం చెయ్యాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఆవుకు కుడితి పెడుతూ ఆలోచించినాను, పిల్లలకు డిక్టేషన్ చెప్తూ ఆలోచించినాను. పండగకు నువ్వు మా ఇంటికి వచ్చి, మామా ఎట్లున్నావని కాలు మీద కాలు వేసుకొని కాఫీ తాగి పోతే, నీ లోటా తోముతూ ఆలోచించినాను. ఆ లోటా ఎంతసేపు తోమినానో అమ్మను అడుగు. నీ అంగడి ముందర నిలబడి బస్టాండు అంతా వినేటట్టు అరవాలని ఉండింది. అరిస్తే నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు. చేతులు కట్టుకొని, చూడండి, నేను ఈ పిల్ల గురించి ఏమన్నా అన్నానా అంటావు. నిజమే, ఏమీ అనలేదు. జనం నీ పక్క చేరుతారు, నాకు ఇంకో క్యారెక్టర్ అంటగడతారు, గయ్యాళి అని.

నాకు కావలసింది నువ్వు లేచి పోలేని చోటు. పెద్దలు కూర్చున్న చోటు, మా నాయన కూర్చున్న చోటు, నా తాంబూలం కోసం నువ్వే నోరు మూసుకొని కాచుకొని ఉండవలసిన చోటు. అది ఈ జంపఖానా. అరవంలో రాసి ఉంటే అవ్వ చేతిలో కవరు లాక్కొని వాకిట్లోనే చదివి, చించి, ప్రియ సంతోషంగా సరే అన్నదని నవ్వుకుంటూ లోపలికి వచ్చి ఉంటావు. ఇంగ్లీషులో రాసినా అంతే. నీకు రాని అక్షరాల్లో, నీ ఇంట్లో ఎవరికీ రాని అక్షరాల్లో రాయాలి. అందుకే ముప్పై దగ్గర పడుతున్న వయసులో, రోజంతా ఇంకొకరి పిల్లలకు పాఠం చెప్పి వచ్చి, కాపీ నోటులో క కింద క దిద్దినాను. ణ రాయడానికి నేను పడిన పాటు ఆ పైవాడికి తెలుసు. ప్రతి అక్షరానికీ నిన్ను తలచుకున్నాను.

నాయనా, నువ్వు వింటున్నావని నాకు తెలుసు. తల దించుకోవద్దు. నీ మీద నాకు కోపం లేదు. ఊరంతా ఒక మాట అంటూ ఉంటే ఏ తండ్రి అడగడు? ఆరోజు పశువుల కొట్టంలో నేను చెప్పినదే ఈరోజు కూడా చెప్తున్నాను. లేదు నాయనా. ఏమీ లేదు. ఎవరూ లేరు. ఉండి ఉంటే నీకే ముందు చెప్పి ఉంటాను, నా కోసం మీ అక్కకు ఎదురుచెప్పినవాడివి, నీకు కాక ఎవరికి చెప్తాను?

బావా, నేను అడిగేది ఒకటే. మా నాయన మొహం చూసి, ఆరోజు ఏం చేసినావో, ఎందుకు చేసినావో చెప్పు. గొంతు తగ్గించకుండా చెప్పు. అత్త ఏడుస్తుంది, ఏడవనీ. మా అమ్మ కూడా ఏడ్చింది. నీ పరువు పోతుంది, పోనీ. నాది పోయినప్పుడు నువ్వు సోడా తెప్పించినావు.

పెద్దలందరికీ మళ్ళీ ఒకసారి దండాలు. ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్నందుకు కాఫీ తప్పకుండా తాగి పోవాలి.

ఇట్లు,
వరసకు నీ మరదలు,
మోహనప్రియ.

మళ్ళీ రాసేది: నాకు అక్షరాలు నేర్పింది ఎవరో చివర చెప్తానన్నాను. నీ ఎదురుగా కూర్చుని చదువుతున్నదే, ఆమెనే.

ఇక్కడే పక్కన చెట్టికరైలో వాళ్ళక్క ఇంట్లో ఉన్నప్పుడు, పెళ్ళి మాటలు మొదలైన వారంలోనే మోనిష మా బడికి వచ్చింది, నన్ను వెతుక్కుంటూ. బడి విడిచినాక వేపచెట్టు కింద సైకిల్ స్టాండు దగ్గర నిలబడి అడిగింది.

“అక్కా, నీ సొంత అత్త కొడుకే కదా. ఆయన క్యారెక్టర్ ఎట్లాంటిది?”

అదే మాట. నీ మాట నా నాలుక చివర తయారుగా ఉండింది బావా. నన్ను అడగొద్దమ్మా, నేను ఇంటి మనిషిని. అంటే చాలు, ఆ సాయంత్రమే వాళ్ళు బస్సెక్కి పోయి ఉంటారు. నీకు ఎందుకో కూడా తెలిసి ఉండదు, జాతకం కుదరలేదనుకొని ఉంటావు. ఆ మాట మింగినాను. నీ మీద జాలితో కాదు. నాకు అంత చిన్న పగ చాలదు. జరిగింది జరిగినట్టు, పేర్లతో సహా, అంతా చెప్పినాను. ఆమె వెంటనే నమ్మలేదు, నాకు నచ్చింది అదే. వెనకనుంచి చెప్పిన మాటతోనే నీకు అన్యాయం జరిగింది కదక్కా, నేను కూడా వెనకనుంచి విని తీర్పు చెప్తే ఎట్లా, ఆయన ఎదుటే వింటాను అన్నది. మా తాంబూలం ఆచారం చెప్పినాను. అయితే తెలుగులో రాయి, నేనే చదవవలసి వస్తుంది అన్నది ఆమెనే.

ఆదివారం కుట్టు క్లాసుకు పోతున్నానని నీకు ఫోన్‌లో చెప్పేది కదా, ఆ క్లాసు మా ఇంటి వెనక గడ్డివామి నీడలో జరిగింది. ఈ కాగితాల్లో ఒత్తులూ దీర్ఘాలూ ఆమె దిద్దినవే. ఇంతసేపు చదివింది, ఎక్కడన్నా తడబడిందా? ఒక్కసారన్నా ఆశ్చర్యపడిందా? ఆమె ప్రతి వాక్యం చివర తల ఎత్తి చూసి ఉంటుంది నీ మొహాన్ని. నువ్వు కాగితం వంక చూస్తూ ఉండి, అది గమనించి ఉండవు. వాళ్ళ నాయనకు కూడా తెలుసు. పిల్లవాడు ఒప్పుకుంటే కూర్చుని మాట్లాడదాం, లేకుంటే మధ్యాహ్నం బస్సుకే పోదాం అన్నాడట.

తట్టలో తక్కువైనది వక్క. వక్క లేకుండా ఆకు ఇస్తే మనలో అది తాంబూలం కాదని అవ్వ చెప్తుంది. వక్కలు మోనిషకు ముందే ఇచ్చినాను, కొంగున ముడివేసుకొని వచ్చింది. ఈ కాగితం మడిచి పెట్టి, అందరి ముందర ఆమె నిన్ను నా గురించి అడుగుతుంది, నన్ను నీ గురించి అడిగినట్టే, అదే మాటతో. నువ్వు చెప్పేది విన్నాక ఆ ముడి విప్పి వక్కలు తట్టలో వేస్తుందో, అట్లనే లేచి పోతుందో నేను ఆమెను అడగలేదు. అది ఆమె ఇష్టం.

చెప్పు బావా. నాయన వింటున్నాడు.